నాలుగు నెలలు "బ్యాకప్ ఓకే" అని రాసిచ్చా, తీరా చూస్తే ఫైల్ 20 బైట్లు

విశాఖ గాజువాక వైపు నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరం రాసాడు, పేరు వెయ్యొద్దన్నాడు. వయసు 27. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉంటే వాళ్ళ బావ, అంటే సొంత అక్క భర్త, తను పనిచేస్తున్న మందుల హోల్‌సేల్ ఏజెన్సీలోనే పెట్టించాడు, తర్వాత బావకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే సర్వర్ మొత్తం ఇతని నెత్తిన పడింది. మెట్ల కింద గదిలో ఇన్వర్టర్ పక్కన ఒకే ఒక్క సర్వర్, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్), దాని మీద మైఎస్‌క్యూఎల్ 5.7 అనే డేటాబేస్. బిల్లులు, స్టాకు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీలు, అనకాపల్లి నుంచి శ్రీకాకుళం దాకా షాపుల బాకీలు, అన్నీ అందులోనే. రాత్రి ఒంటిగంటన్నరకి బావ రాసిన స్క్రిప్ట్ బ్యాకప్ తీస్తుంది, 30 రోజులు దాటినవి అదే చెరిపేస్తుంది, నెలాఖరున ఒక ఫైల్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి ఓనర్ గారి బీరువాలో పెట్టి, "బ్యాకప్ ఓకే" అని కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి.

సంక్రాంతి సెలవులయ్యాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫోన్ చేసి, జీఎస్టీ రిపోర్ట్ టెస్ట్ చేసుకోడానికి నిన్నటి బ్యాకప్ పంపమన్నారట. ఇతను ఫోల్డర్ తెరిచాడు. "లిస్ట్ కొడితే పై నుంచి కింద దాకా 20, 20, 20 అని ఉంది అన్నా, ముందు ఎంబీలనుకున్నా, తర్వాత కేబీలనుకున్నా, కాదు, 20 బైట్లు, ముప్ఫై ఫైళ్ళూ అంతే" అని రాసాడు. బీరువాలో డిస్క్ తీసి చూస్తే ఆగస్టు ఫైల్ 1.3 జీబీ, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నాలుగూ 20 బైట్లే. అంతకుముందు కాపీకి కొన్ని నిమిషాలు పట్టేది, సెప్టెంబర్ నుంచి టక్కున అయిపోతోంది, కొత్త కేబుల్ కొన్నాం కదా అందుకే అనుకున్నాట్ట.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి "రేపు పంపుతా" అని చెప్పి మూడు రోజులైంది, నిద్ర లేదు, రాత్రి ఫోన్ మోగితే అమ్మ కూడా లేచి కూర్చుంటోంది. ఓనర్ గారికి చెప్తే స్క్రిప్ట్ ఎవరు రాసారంటారు, బావ పేరు చెప్పాలి, అక్క "మా ఆయన పెట్టించిన ఉద్యోగంలో కూర్చుని ఆయన మీదే చెప్తావా" అంటుంది. చెప్పకుండా సరిచేసెయ్యనా, చెప్పనా, లేకపోతే మానేసి వెళ్ళిపోనా అన్నా అని అడిగాడు.

తమ్ముడూ, ముందు నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో. మీ ఏజెన్సీ డేటా ఒక్క లైన్ కూడా పోలేదు. ఇవాళ పొద్దున కూడా బిల్లులు కొట్టారు, సాయంత్రం స్టాకు చూసుకున్నారు, డేటాబేస్ నడుస్తూనే ఉంది. హెల్మెట్ లేకుండా నాలుగు నెలలు గాజువాక జంక్షన్ మీదుగా బండి నడిపావు, ఏమీ కాలేదు. మధ్యలో ఎవరైనా ఒక టేబుల్ చెరిపేసి ఉంటే వెనక్కి తెచ్చుకునే దారి ఉండేది కాదు, అది నిజమే, కానీ అలా జరిగినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అయితే ఈ రాత్రి కూడా హెల్మెట్ లేదు కదా, కాబట్టి చెప్పాలా వద్దా అన్నది రేపటి సంగతి, బ్యాకప్ మాత్రం ఇవాళ్టి సంగతి. షాపు కట్టేసాక కూర్చుని చేత్తో ఒక డంప్ తియ్యి, అంటే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌తో డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా రాయించు. సర్వర్ డిస్క్‌లో జాగా ఎంతుందో చూసుకుని మొదలుపెట్టు, డిస్క్ నిండిపోతే డేటాబేస్ రాతలు ఆగిపోయి బిల్లింగ్ కూడా ఆగుతుంది. వీలైతే బయట డిస్క్‌లోకే తియ్యి, బీరువాలో ఉన్న ఆగస్టు ఫైల్‌ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు, ప్రస్తుతానికి మీ దగ్గరున్న మంచి బ్యాకప్ అదొక్కటే.

డంప్ తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టు, అప్పుడు ఇన్నోడీబీ రకం టేబుల్స్ అన్నీ ఒకే క్షణంలో ఉన్నట్టు వస్తాయి, మధ్యలో ఎవరైనా బిల్లు కొట్టినా సగం లోపల సగం బయట అవ్వదు. కానీ పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఇంకా మైఐసామ్ అనే పాత రకం టేబుల్స్ ఉండటం నేను చాలాసార్లు చూసా, వాటికి ఆ భరోసా లేదు, అందుకే షాపు కట్టేసాక తియ్యమంటున్నా. రొటీన్స్ అనే ఆప్షన్ కూడా గుర్తుపెట్టుకుని ఇవ్వు, మైఎస్‌క్యూఎల్‌డంప్ స్టోర్డ్ ప్రొసీజర్లని, అంటే డేటాబేస్‌లోనే దాచి ఉంచే చిన్న ప్రోగ్రాముల్ని, తనంతట తాను తియ్యదు, అవి లేకుండా రీస్టోర్ చేస్తే డేటా అంతా ఉంటుంది గానీ ప్రొసీజర్ మీద నడిచే బిల్లు ప్రింట్ అవ్వదు, ఆ టైమ్‌లో ఎందుకో తెలీక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది. అయిపోయాక ఫైల్ చివరి లైన్ చూడు, "డంప్ కంప్లీటెడ్" అని తేదీ, టైమ్ ఉండాలి. అది లేకపోతే మధ్యలో తెగిందని అర్థం, సైజ్ ఎంత పెద్దగా ఉన్నా సరే.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకి వస్తా. నీ ఉత్తరం రెండుసార్లు చదివా. నువ్వు మొత్తం తప్పు బావ స్క్రిప్ట్‌ది అన్నట్టు రాసావు, ఆయన్ని ఎలా కాపాడాలా అని సతమతమవుతున్నావు. కానీ మూడో పేజీలో, ఓనర్ గారు ఎంత తిడతారో చెప్పేటప్పుడు, ఒక మాట రాసావు చూసుకో. సెప్టెంబర్‌లో నిమజ్జనాలయిన వారం అకౌంట్స్ అబ్బాయి మానేస్తే, ఓనర్ గారు చెప్పారని రూట్ పాస్‌వర్డ్ (అన్ని హక్కులూ ఉన్న డేటాబేస్ ఖాతాది) మార్చా, ఆ రోజు బిల్లింగ్ రెండు గంటలు ఆగిపోయి తిట్లు తిన్నా అన్నావు. ఆగస్టు నెలాఖరు ఫైల్ బాగుంది, సెప్టెంబర్ నెలాఖరుది ఖాళీ. బావ స్క్రిప్ట్‌లో ఏ పాస్‌వర్డ్ ఉందో తెరిచి చూడు తమ్ముడూ. నాకు తొంభై పాళ్ళు అదే అనిపిస్తోంది, బిల్లింగ్ ఆగింది కాబట్టి అక్కడ కొత్త పాస్‌వర్డ్ పెట్టావు, స్క్రిప్ట్ ఆగినా చప్పుడు చెయ్యలేదు కాబట్టి అక్కడ పెట్టలేదు.

నిన్ను బాధపెట్టడానికి ఇది చెప్పట్లేదు. కారణం తప్పుగా అనుకుని ఓనర్ ముందుకెళ్తే మాట తేడా వస్తుంది, అదీ నా భయం. చప్పుడు ఎందుకు చెయ్యలేదో కూడా తెలుసుకో, అక్కడ బావ వాటా ఉంది. స్క్రిప్ట్‌లో డంప్‌ని పైపు పెట్టి, అంటే ఒక కమాండ్ ఇచ్చేది ఇంకోదానికి అందేలా చేసి, నేరుగా జీజిప్ అనే ఫైళ్ళు కుదించే ప్రోగ్రాంలోకి పంపారు. డంప్‌కి యాక్సెస్ డినైడ్ వచ్చి ఒక్క అక్షరం కూడా ఇవ్వకుండా ఆగిపోయింది, పాపం జీజిప్ మాత్రం దానికొచ్చిన ఖాళీనే శ్రద్ధగా కుదించి ఫైల్ చేసింది. ముందు 10 బైట్ల హెడర్, ఖాళీ అని చెప్పడానికి 2, చివర సరిచూసుకోడానికి 8, మొత్తం 20. నీకు కనిపించిన 20 అదే. పైపులో చివరి కమాండ్ సక్సెస్ అయితే, కమాండ్లు నడిపే షెల్ మొత్తం సక్సెస్ అనుకుంటుంది, పైగా క్రాన్ (టైమ్‌కి స్క్రిప్ట్ నడిపేది) లైన్ చివర ఎర్రర్లన్నీ డెవ్ నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి, పోసేసారని నువ్వే రాసావు. అంటే పాస్‌వర్డ్ మార్చింది నువ్వు, అరుపు బయటికి రాకుండా నోరు కట్టేసింది ఆ స్క్రిప్ట్, నాలుగు నెలలు సైజ్ చూడంది నువ్వు, కాగితం తీసుకుని ఏం చెక్ చేసావని అడగంది ఓనర్ గారు. ఒక్కళ్ళ నెత్తిన వెయ్యడానికి లేదు.

ఇది మీ చిన్న ఆఫీసులోనే జరిగిందని కుంగిపోకు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీర్ రాత్రి పొద్దుపోయాక అలసిపోయి, పక్క సర్వర్ అనుకుని మెయిన్ డేటాబేస్ సర్వర్‌లో డేటా డైరెక్టరీ చెరిపేసాడు, పొరపాటు తెలిసి ఆపేసరికి సుమారు 300 జీబీ పోయింది. సరే బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, వాళ్ళ డేటాబేస్‌కి డంప్ తీసే పీజీడంప్ వెర్షన్ తేడా వల్ల బ్యాకప్పులు పడట్లేదు, ఫెయిలైందని చెప్పే మెయిల్స్ కూడా దారిలోనే తిరస్కరించబడి ఎవరికీ చేరట్లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల్లో పడిన డేటా మాత్రం పోయింది. అంత పెద్ద టీమ్‌కే ఎర్రర్ చేరాల్సిన చోటికి చేరలేదు, నీకూ అదే అయింది. వాళ్ళు జరిగిందంతా అందరికీ తెలిసేలా రాసి పెట్టారు, అందుకే నీకు ఇవాళ నేను చెప్పగలుగుతున్నా.

ఇక చెప్పడం సంగతి. నీ ముందు దారులున్నాయి, దేనిలో ఏముందో చెప్తా, నడవాల్సింది నువ్వు.

చెప్పకుండా సరిచేసెయ్యొచ్చు. పాస్‌వర్డ్ మారిస్తే ఇవాళ రాత్రి నుంచి బ్యాకప్ పడుతుంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫైల్ పంపుతావు, ఎవరికీ తెలీదు. తేలికే. కానీ బీరువాలో నాలుగు ఖాళీ ఫైళ్ళు, నీ సంతకంతో నాలుగు కాగితాలు అలాగే ఉంటాయి. రేపు ఆడిటర్ నవంబర్‌లో స్టాకు ఎలా ఉందో పాత బ్యాకప్ తీసి చూపించమంటే దొంగకి తేలు కుట్టినట్టు ఉంటుంది నీ పని, అరవలేవు, ఊరుకోలేవు. ఇప్పటిదాకా నువ్వు రాసిన "ఓకే" తెలీక రాసింది. ఇవాళ్టి నుంచి దాస్తే అది తెలిసి దాచినట్టు, ఆ రెంటికీ చాలా తేడా ఉంది, ముఖ్యంగా నీ మనసుకి. ఇంకోటి, నిద్ర పట్టట్లేదన్నావు కదా, ఈ దారిలో వెళ్తే ఎన్నాళ్ళకి పడుతుందో నేను చెప్పలేను.

ఇప్పుడే పరిగెత్తుకెళ్ళి చెప్పెయ్యొచ్చు. నిజాయితీగానే ఉంటుంది, కానీ చేతిలో ఏమీ లేకుండా చెప్తే ఓనర్ గారికి వినిపించేది "నాలుగు నెలలుగా బ్యాకప్ లేదు" అన్న ఒక్క ముక్కే. ఆ కంగారులో సాఫ్ట్‌వేర్ వాళ్ళని పిలుస్తారు, వాళ్ళొచ్చి ఒకటి మారుస్తారు, ఇంకెవరో సర్వర్ ఆపి ఆన్ చెయ్యమంటారు, బ్యాకప్ లేని సర్వర్ మీద పదిమంది చేతులు పడటం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

రెండు మూడు రోజుల్లో పని పూర్తి చేసుకుని, రుజువు పట్టుకుని వెళ్ళి చెప్పొచ్చు. నన్నడిగితే నేను ఇటే మొగ్గుతా. కానీ ఆ రెండు మూడు రోజులు రెండు మూడు వారాలు కాకూడదు, తేదీ ఇవాళే వేసుకో, సోమవారం పొద్దున అనుకో. ఆ లోపు ఆదివారం షాపు సెలవు రోజు ఆఫీసులో మూల పడున్న పాత డెస్క్‌టాప్ మీద అదే వెర్షన్ మైఎస్‌క్యూఎల్ వేసి, నువ్వు తీసిన డంప్‌ని దాంట్లోకి ఎక్కించు. నీ సొంత ల్యాప్‌టాప్‌లోకి ఇంటికి మాత్రం పట్టుకెళ్ళొద్దు, అడక్కుండా షాపుల బాకీల లెక్కలు ఇంటికి చేరితే అది ఇంకో తప్పవుతుంది. రీస్టోర్ కమాండ్ కొట్టే ముందు ఏ మెషిన్ మీద ఉన్నావో ప్రాంప్ట్‌లో పేరు చదువు, నోటితో పైకి చదువు, నేను ఇప్పటికీ అలాగే చదువుతా.

ఎక్కాక టేబుల్స్ కనిపించాయి కదా అని లేచిపోవద్దు. బిల్లుల టేబుల్‌లో శనివారం దాకా ఎన్ని లైన్లున్నాయో కౌంట్ కొట్టు, సర్వర్‌లో అదే తేదీ దాకా కౌంట్ కొట్టు, పక్కపక్కన కాగితం మీద రాసుకో. ఇన్ఫర్మేషన్ స్కీమాలో (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే పట్టికల్లో) కనిపించే లైన్ల సంఖ్య చూసి సరిపెట్టుకోకు, ఇన్నోడీబీకి అది అంచనా మాత్రమే. తర్వాత డిసెంబర్ నెల బిల్లుల మొత్తం రూపాయలు రెండు చోట్లా తియ్యి, పైసలతో సహా కలవాలి. ఎంతసేపు పట్టిందో కూడా రాసి పెట్టుకో, రేపు నిజంగా సర్వర్ పోయిన రోజు "ఎప్పుడు లేస్తుంది" అని ఓనర్ గారు అడిగే మొదటి ప్రశ్నకి నీ దగ్గర జవాబుంటుంది.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళి ఇలా చెప్పు, ఇంతకంటే పొడుగు వద్దు. "సార్, సెప్టెంబర్‌లో పాస్‌వర్డ్ మార్చినప్పుడు బ్యాకప్ స్క్రిప్ట్‌లో మార్చలేదు, అప్పట్నించి బ్యాకప్ పడలేదు, నేను చూసుకోకుండా ఓకే రాసా, తప్పు నాది. పోయిన వారం తెలిసింది. డేటా ఏమీ పోలేదు. ఇప్పుడు పడుతోంది, వేరే మెషిన్‌లో ఎక్కించి చూసా, లెక్క కలిసింది, ఇదిగో." బావ పేరు ఇందులో రావాల్సిన అవసరమే లేదు చూడు. స్క్రిప్ట్ ఎవరు రాసారని అడిగితే ఉన్నది చెప్పు, బావ రాసారు, నాలుగేళ్ళు బాగా పనిచేసింది, ఎర్రర్ కనిపించే ఏర్పాటు లేదు, అది నేను పెట్టా అని. అందులో ఆయన మీద నింద లేదు, అబద్ధమూ లేదు.

తిడతారు. నలుగురి ముందు తిట్టొచ్చు, ఈ నెల జీతంలో కోస్తాననొచ్చు, ఉద్యోగం తీసేస్తాననే అవకాశం కూడా ఉంది, అది లేదని నేను నీకు ధైర్యం చెప్పలేను, మీ ఓనర్ నాకు తెలీదు. కానీ తప్పుని తనే పట్టుకుని, సరిచేసి, లెక్కతో వచ్చినవాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి వెతుక్కోవడం ఏ వ్యాపారస్తుడికీ లాభం కాదు, వాళ్ళు కోపం తగ్గాక లెక్క వేసుకుంటారు. మానేసి వెళ్ళిపోవడం గురించి అడిగావు, వెళ్ళొచ్చు, అది నీ హక్కు, కాకపోతే సరిచేసి, చెప్పి, తర్వాత వెళ్ళు. ఇప్పుడెళ్తే ఆ నాలుగు ఫైళ్ళు నీ వెనకాలే వస్తాయి, పైగా నీ తర్వాత కూర్చునేవాడు ఖాళీ బ్యాకప్పుల మీద నిశ్చింతగా పడుకుంటాడు.

బావకి మాత్రం ఓనర్ కంటే ముందు నువ్వే ఫోన్ చెయ్యి. అక్క ద్వారా వద్దు, అక్కకి ముందు చెప్తే సంగతి వేరే రంగు పూసుకుని చేరుతుంది, అందులో ఆవిడ తప్పు కూడా ఉండదు, మొగుడూ తమ్ముడూ మధ్యలో ఎటూ చెప్పలేక నలిగిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చేసి, "బావా, నేను పాస్‌వర్డ్ మార్చి స్క్రిప్ట్‌లో మర్చిపోయా, పైపు వల్ల ఎర్రర్ తెలీలేదు, ఆదివారం రీస్టోర్ చేసి చూస్తున్నా, ఒకసారి ఫోన్‌లో ఉంటావా" అని అడుగు. సాయం అడిగినట్టే అడుగు, నిజంగా సాయమే కదా. ముందు కొంచెం నొచ్చుకోవచ్చు, చేతిపని మీద మాట పడితే ఎవరికైనా గుచ్చుకుంటుంది. అయినా ఆ సర్వర్ ఆయన చేత్తో నిలబెట్టింది, ఎక్కడ ఏముందో నీకంటే ఎక్కువ తెలుసు, ఆదివారం నువ్వు ఇరుక్కున్న చోట ఆయన రెండు నిమిషాల్లో చెప్తాడు.

స్క్రిప్ట్ సరిచెయ్యడం పెద్ద పని కాదు. పైప్‌ఫెయిల్ పెట్టు, అప్పుడు పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టే లెక్క, మొదటి లైన్‌లో బ్యాష్ అని రాసుందో లేదో చూసుకో, ఉబుంటులో ఉత్త ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, పాత వెర్షన్లలో అది పైప్‌ఫెయిల్ ఒప్పుకోదు. బ్యాకప్‌కి రూట్ వాడకు, డంప్‌కి కావాల్సిన హక్కులు మాత్రమే ఉన్న వేరే యూజర్ చేసి, దాని పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో కాకుండా 600 పర్మిషన్ (సొంతదారు తప్ప ఎవరూ చదవలేని) ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టు, అప్పుడు రూట్ పాస్‌వర్డ్ వంద సార్లు మార్చినా బ్యాకప్ ఆగదు. రోజూ పొద్దున ఫైల్ సైజ్, చివరి లైన్ నీ ఫోన్‌కి వచ్చేలా చెయ్యి. ఫెయిలైతేనే మెసేజ్ వచ్చేలా పెడితే, మెసేజ్ పంపేదే ఫెయిలైన రోజు అంతా బాగుందనుకుంటావు. రోజూ వచ్చేది ఒకరోజు రాకపోతే కాఫీ తాగుతూనే అనుమానం వస్తుంది.

బిల్లింగ్ కూడా రూట్‌తోనే కనెక్ట్ అవుతోందని రాసావు, అది మార్చాలి గానీ ఈ వారం ముట్టుకోవద్దు. ముందు ఓ పది రోజులు ఏ మెషిన్ల నుంచి ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారో ప్రాసెస్‌లిస్ట్ కమాండ్‌తో చూసి రాసుకో, ఒక్కొక్కళ్ళనే మార్చు. సెప్టెంబర్‌లో రెండు గంటలు బిల్లింగ్ ఆగింది ఆ జాబితా లేకే. 5.7కి సపోర్ట్ 2023 అక్టోబర్‌లోనే అయిపోయింది, అప్‌గ్రేడ్ గురించి కూడా ఓనర్‌తో మాట్లాడాలి, అదీ రీస్టోర్ చెయ్యడం నీకు అలవాటయ్యాకే.

ఒక్కటి మాత్రం సోమవారమే అడుగు. బీరువా ఉన్నది అదే బిల్డింగ్‌లో కదా. 2014 అక్టోబర్ 12 ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, నేను ఈ ఊళ్ళోనే ఒక ఆఫీసులో ఈ పనే చేస్తున్నా. కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా లోపలికి కొట్టింది, సర్వర్ తడిసింది, పక్క అరలో అట్టపెట్టెలో పెట్టిన బ్యాకప్ డిస్కులూ తడిసాయి. కరెంట్ లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు, సీతమ్మధార నుంచి నడుచుకుంటూ ఆఫీసుకెళ్ళి ఆ అట్టపెట్టె ఎత్తితే అడుగు ఊడి డిస్కులు నీళ్ళల్లో పడ్డాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల రోజులు కాగితం బిల్లులు చూసి మళ్ళీ ఎక్కించాం, అన్నీ దొరకలేదు. అందుకే ఒక కాపీ ఊరు దాటి ఉండాలి తమ్ముడూ, హైదరాబాద్‌లోనో ముంబైలోనో క్లౌడ్ స్టోరేజ్‌లో పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి, 1.3 జీబీ ఫైల్‌కి నెలకి పెద్ద ఖర్చు కాదు. ఖర్చు కనుక్కుని అదే కాగితం కింద రాసి ఇవ్వు, తిట్టే రోజే అడుగు, ఆ రోజు ఆయనకి దాని విలువ అర్థమైనంతగా ఇంకే రోజూ అవ్వదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫైల్ పంపడం ఓనర్ సరే అన్నాకే, ఆయనకి చెప్పి పంపు.

ఆదివారం సాయంత్రం ఆ రెండు లెక్కలూ కలిసాయో లేదో నాకు రాయి. కలవకపోతే స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ లైన్ ఉన్నదున్నట్టు పెట్టు, ఎంత రాత్రయినా చూస్తా, నువ్వు సోమవారం ఆయన గదిలోకి వెళ్ళేలోపు అదేంటో తేల్చుకుందాం.